ఆటలో పిల్లల మనసును కొలిచేది ఎవరి మేలు కోసం?

కంప్యూటరు ముందు, సెల్‌ఫోనులో ఆడుకునే పిల్లలను మనం గమనిస్తాం. ఆ ఆట కూడా వారిని గమనిస్తుందన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ఆడేవారికి ఏది నచ్చింది, ఎక్కడ విసుగు పుట్టింది, ఎప్పుడు గుండె దడదడలాడింది అని కొలిచే పద్ధతులు ఇప్పుడు ఉన్నాయి. ఈ కొలత చెడ్డదని మేము అనము. కొలిచేది ఎవరు, ఎవరి మేలు కోసం అని పెద్దలు తప్పక అడగాలన్నదే మా అభిప్రాయం.

ఎలా కొలుస్తారు? మనసు ఉద్రేకపడినప్పుడు అరచేతులకు, వేళ్లకు సన్నగా చెమట పడుతుంది. చెమ్మగిల్లిన చర్మం గుండా విద్యుత్తు కొంచెం సులువుగా ప్రవహిస్తుంది. వేళ్లకు చిన్న తీగలు తగిలించి ఆ తేడాను గుర్తిస్తారు. దానితోపాటు గుండె వేగాన్ని, నవ్వినప్పుడు చెంప కండరంలో వచ్చే కదలికను కూడా చూస్తారు. కెనడాలో రీగన్ మాండ్రిక్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2004లో హాకీ కంప్యూటరు ఆటతో ఇలా పరీక్షించారు. కంప్యూటరుతో ఒంటరిగా పోటీపడినప్పటికన్నా, పక్కన కూర్చున్న స్నేహితునితో ఆడినప్పుడే ఈ స్పందన ఎక్కువగా కనిపించింది. తల్లిదండ్రులు గుర్తుంచుకోదగిన విషయమిది.

అయితే చెమట ఉద్రేకం ఎంతో చెబుతుంది గాని, అది సంతోషమో భయమో చెప్పదు. సూదిని చూసి బెదిరిన బిడ్డకూ, ఈ రోజు ఇంటికి వెళ్లవచ్చని విన్న బిడ్డకూ నాడి వేగంగానే కొట్టుకుంటుంది. అందుకే పరిశోధకులు నోరు తెరిచి అడుగుతారు కూడా. 2009లో డెన్మార్కులో యనకాకిస్ బృందం మారియో తరహా ఆటను రెండు రకాలుగా ఆడించి, మొదటిది బాగుందా, రెండవది బాగుందా, రెండూ సమానమా, రెండూ బాగాలేవా అని అడిగింది. మార్కులు వేయమనడం కన్నా ఇలా పోల్చి చెప్పమనడం ఆడేవారికి సులువు.

ఈ కొలత వైద్యానికి కూడా ఉపయోగపడింది. అమెరికాలోని బోస్టన్ పిల్లల ఆసుపత్రి వైద్యులు, కోపాన్ని అణచుకోలేని పిల్లల కోసం ఒక ఆట తయారుచేశారు. వేలికి తగిలించిన పరికరం గుండె వేగాన్ని చూస్తుంటుంది. వేగం హద్దు దాటితే శత్రువును కాల్చడం కుదరదు; ఊపిరి నిదానంగా తీసుకొని శాంతించాకే ఆట ముందుకు సాగుతుంది. 2012లో ప్రచురించిన వారి నివేదికలో, సలహా చికిత్సతోపాటు ఈ ఆట ఆడిన పిల్లల్లో కోపం తగ్గినట్టు ఉంది. ఇక్కడ కొలత ఏమి చెబుతుందో ఆ బిడ్డకు తెలుసు. దాని ఫలితం కూడా ఆ బిడ్డదే.

మామూలు ఫోను ఆటల సంగతి వేరు. వాటికి తీగలు అక్కరలేదు. ఎంతసేపు ఆడారు, ఏ మెట్టులో మానేశారు, దేనికి డబ్బు కట్టారు అన్న లెక్కలతోనే ఆడేవారి ఇష్టాలను అంచనా వేయవచ్చు. ఆ అంచనా ఆటను మెరుగుపరచవచ్చు. బిడ్డను లేవనీయకుండా కూర్చోబెట్టడానికీ వాడవచ్చు. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 18 ఏళ్లలోపు పిల్లల ప్రవర్తనను ఇలా గమనించడాన్ని, వారిపై గురిపెట్టి ప్రకటనలు చూపడాన్ని కొన్ని మినహాయింపులతో నిషేధిస్తోంది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, అమలు దశలవారీగా జరుగుతుంది. చట్టం మంచిదే. కాని అది మన ఇంటి గదిలోకి వచ్చి కూర్చోదు.

కాబట్టి మా సలహా ఇది. కొత్త ఆట ఫోనులో ఎక్కించే ముందు అది ఏయే అనుమతులు అడుగుతుందో చదవండి. ఆటకు అవసరం లేని కెమెరా, మైకు అనుమతులు ఇవ్వకండి. వారానికి ఒక్కసారైనా పక్కన కూర్చుని మీరూ ఆడండి. ఆట ముగిశాక, "నిన్నటిది బాగుందా, ఇవాళ్టిది బాగుందా? ఎందుకు?" అని అడగండి. ఆట అయ్యాక చిరాకు, నిద్రలేమి, చదువు మీద అయిష్టం నెలల తరబడి కనిపిస్తే వైద్యుని సంప్రదించండి. బిడ్డ మనసు యంత్రానికి తెలిసినంతైనా మనకు తెలియకపోతే, ఆ లోటు మనమే తీర్చుకోవాలి.