ఆరోగ్య విషయములు: కాన్సరు చికిత్స పిదప కామెర్లు

సోదరి యొకతె యిట్లు వ్రాసినది: "మా వారికి లింఫోమా యను రక్తపు కాన్సరు వచ్చినది. రిటుక్సిమాబ్ మొదలగు మందులు ముగిసి ఆఱు నెలలైనది. కోలుకొనిరని సంతసించుచుండగా నిప్పుడు కన్నులు పచ్చబడి, అన్నము సహింపకున్నది. మా యత్తగారు పసరు పోయింపుమనుచున్నారు. ఏమి చేయుదును?"

ఈ సంచిక వెలువడువఱకు నాగరాదని యామెకు వెంటనే జాబు వ్రాసితిని. పసరు వలదు, వాతలు వలదు. ఆ కాన్సరు వైద్యుని యొద్దకే నేడే పోవలెను. తక్కిన సోదరీమణులకై కారణము నిచట వ్రాయుచున్నాను.

కామెర్లకు హేతువులు పెక్కు. అయినను ఇట్టివారియందు మొదట ననుమానింపవలసినది హెపటైటిస్ బి వైరసు. ఇది యొకసారి సోకినచో, రోగము నయమైనట్లు తోచినను దాని బీజము కాలేయకణములలో నణగియుండును. ఒడలిలోని రక్షకశక్తి దానికి కావలి. రిటుక్సిమాబ్ కాన్సరు కణములతోపాటు, ఆ కావలికి తోడ్పడు బి-కణములను గూడ నశింపజేయును. వైరసు మరల వృద్ధినొందును. మందు నిలిచిన పిదప రక్షకశక్తి తిరిగి బలపడి, వైరసు నిండిన కాలేయకణములపై బడును. నెలలు గడచినపిమ్మట కామెర్లు కనబడుట కిదియే కారణము. 1997లో అమెరికాలో అనుమతి పొందిన యీ మందుపై 2013లో అచటి ప్రభుత్వ ఔషధశాఖ యీ యపాయమును గూర్చి ప్రత్యేక హెచ్చరిక వేయించెను.

చికిత్సకు ముందే రెండు రక్తపరీక్షలు చేయింపవలెను. హెచ్.బి.ఎస్. యాంటిజెన్ పరీక్ష ఇప్పుడున్న వైరసును తెలుపును, హెచ్.బి. కోర్ యాంటీబాడీ పరీక్ష ఎన్నడో సోకి యణగినదానిని తెలుపును. మొదటిది మాత్రమే చేసి సరిపెట్టుకొనుట కలదు, అది చాలదు. వైరసు జాడ యున్నచో ఎంటెకావిర్ గాని టెనోఫోవిర్ గాని ముందుగనే మొదలిడి, రిటుక్సిమాబ్ ముగిసిన పిదపను కనీసము 12 నెలలు వాడింతురు. "జబ్బు పోయెను గదా, ఇంక మాత్ర యేల?" అని మగవారు విసుగుకొందురు. ఆ మాట చెవిని బెట్టవలదు. వైద్యుడు చెప్పక యొక్కదినమైనను మానరాదు.

వైరసు తేలిన యింటిలో భార్యాబిడ్డలును పరీక్షింపించుకొని, సోకనివారు టీకా వేయించుకొనవలెను. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ వారు ఈ టీకాను మన దేశముననే చేసి చవుకగా నందించిరి. కలిసి భుజించుటవలన నీ వ్యాధి యంటదు. క్షౌరపు కత్తి, పండ్లు తోము కుంచె మాత్రము వేఱుగ నుంచవలెను.

ఆ సోదరి ప్రత్యుత్తరము నిన్న వచ్చినది. పాత కాగితములు వెదుకగా మొదటి పరీక్షయే యున్నదట, రెండవది లేదట. ఇప్పుడు వైరసు తేలి మాత్ర మొదలిడిరి. కన్నుల పసుపు ఇంకను తగ్గలేదు. ఆసుపత్రిలో రాత్రులు తోడుండునది అత్తగారేనట.