గడియారం ఆగింది సరే, మన బుర్రకేమైంది?

"టైము తప్పైతే సరిచేసుకో, అంతేగా!" అనే సాఫ్ట్‌వేరు ఇంజనీర్లందరి మీదా నాకు పీకలదాకా కోపం ఉంది. ఆ లిస్టులో మొదటి పేరు నాదే కాబట్టి ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

సంగతేంటంటే, నా లాప్‌టాప్‌లో విండోస్, దానిలోపల వర్చువల్ మెషీన్‌లో లినక్స్. పనంతా లినక్స్‌లోనే. రాత్రి మూత వేసి పొద్దున తెరిస్తే విండోస్ టైము సరిగ్గానే ఉంటుంది. లినక్స్ మాత్రం రాత్రి ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచే మొదలెడుతుంది. హెల్ప్‌డెస్క్‌ని అడిగితే మెషీన్ చూడకుండానే "మదర్‌బోర్డు మీద బ్యాటరీ పోయింది, మార్చాలి" అన్నారు. నేనేమో రోజూ పొద్దున్నే ఓ కమాండు కొట్టి టైము సరిచేసుకుంటూ రెండు వారాలు నెట్టుకొచ్చాను.

ఓ రోజు మర్చిపోయా. రాత్రి 12:10కి మూత వేసి, పొద్దున 8:30కి తెరిచి, 8:40కి ఓ మార్పు కమిట్ చేసి పంపాను. తొమ్మిదింటికి సర్వర్ పడిపోయింది. గిట్‌లో కమిట్ మీద టైము వేసేది మన మెషీనే. నా కమిట్ మీద రాత్రి 12:20 అని పడింది. టీములో కొత్తగా చేరిన కుర్రాడు వేరే రిపాజిటరీలో రాత్రి ఒంటిగంటకి కమిట్ చేసున్నాడు. ఇంకేం, "ఆఖర్న ముట్టుకుంది వీడే" అని తేల్చేశారు. వాడు అన్నం కూడా తినకుండా మూడింటి దాకా తన కోడులో లేని తప్పు వెతుక్కున్నాడు. సర్వర్‌కి పుష్ అందిన టైము చూశాక గానీ దొంగని నేనని బయటపడలేదు.

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే పది నిమిషాల్లో తేలిపోయింది. మదర్‌బోర్డు మీద గడియారంలో సెకనుకి 32,768 సార్లు కంపించే స్ఫటికం ఉంటుంది. లాప్‌టాప్ నిద్రపోయినా అది నడుస్తూనే ఉంటుంది. నిద్రలో దానికి కరెంటు మామూలుగా మెయిన్ బ్యాటరీ నుంచే వస్తుంది. ఆ చిన్న బిళ్ళ బ్యాటరీ అవసరం వేరే కరెంటేదీ లేనప్పుడే. అయినా బిళ్ళే పోయుంటే విండోస్ టైము ఎందుకు సరిగ్గా ఉంది? ఈ ప్రశ్న హెల్ప్‌డెస్కూ వేసుకోలేదు, ఇంజనీరింగ్ చదివిన నేనూ వేసుకోలేదు.

అసలు కారణం వేరు. నిద్ర లేవగానే ఆపరేటింగ్ సిస్టం ఆ గడియారాన్ని అడిగి తన టైము సర్దుకుంటుంది. కానీ వర్చువల్ మెషీన్‌లో ఉన్న లినక్స్‌కి తను నిద్రపోయిన సంగతే తెలీదు. తెలీనిది ఎవర్ని అడుగుతుంది?

మీకూ ఇలాగే ఉంటే, మూత వేసేముందు, తెరిచాక 'డేట్', 'హెచ్‌డబ్ల్యూక్లాక్' రెండూ కొట్టి చూడండి. రెండోది నడిచి మొదటిది ఆగితే తప్పు సాఫ్ట్‌వేరుది. రెండూ ఆగితే అప్పుడు హార్డ్‌వేరుని అనుమానించండి. తేడా సరిగ్గా అయిదున్నర గంటలైతే అది వేరే జబ్బు: ఆ గడియారంలో ఉన్నది మన టైము అని విండోసూ, యూటీసీ అని లినక్సూ అనుకుంటాయి.

"ఇంత గొడవెందుకు, ఎన్టీపీ పెట్టుకోవచ్చుగా" అంటారు. మర్నాడే పెట్టాను మహాప్రభో! క్రోనీ వేశాను. పొద్దున చూస్తే మళ్ళీ ఎనిమిది గంటలు వెనకే. చాలాచోట్ల దాని సెట్టింగు ఎలా వస్తుందంటే, మొదటి మూడు అప్‌డేట్లలోనే టైముని ఒక్క దూకు దూకిస్తుంది. ఆ తర్వాత మెల్లగా లాగుతుంది, ఒక సెకను తేడా పోవడానికి కనీసం 12 సెకన్లు. ఎనిమిది గంటలకి నాలుగు రోజులు! 'మేక్‌స్టెప్' లైనులో 3 తీసేసి -1 పెట్టాక రోగం కుదిరింది. అంటే మందు వేసినా, అదెలా పనిచేస్తుందో చదవకపోతే దండగే.

చూడకుండా బ్యాటరీ మార్చమన్నవాళ్ళకీ, ఆలోచించకుండా రోజూ కమాండు కొట్టిన నాకూ తేడా ఏముంది? "రీస్టార్ట్ చేస్తే పోయింది" అని టికెట్ మూసేసే మనందరిదీ అదే బాపతు. పోయింది సరే, ఎందుకొచ్చింది? అది తెలీనంతవరకూ ఆ టికెట్ మూసినట్టు కాదు, ఇంకొకడి నెత్తిన పెట్టినట్టు.

ఆ కుర్రాడికి సారీ చెప్పాను. "పర్లేదన్నా, నేనే ఏదో తప్పు చేశాననుకున్నా" అన్నాడు. దానికన్నా వాడు నన్ను నాలుగు తిట్టుంటే బావుండేది.