మరమ్మతు ఎవరి జిమ్మా?

పోయిన వానాకాలం నరసరావుపేటలో మా దోస్త్ ఉంటున్న కిరాయి ఇంటి స్లాబు కారింది. ముందు గోడ చెమ్మగిల్లింది, తర్వాత ఫ్యాను కొక్కెం దగ్గర చుక్కలు పడ్డాయి. మస్జిద్ మెట్ల దగ్గర మకాన్ మాలిక్‌కి రెండుసార్లు చెప్పాడు. "చూద్దాంలే భాయ్" అన్నాడాయన. ఇంట్లో చంటిబిడ్డ. మూడో వానకి ఇక ఆగలేక మేస్త్రీని పిలిచి తొమ్మిది వేలు పెట్టి చేయించాడు. నెలాఖరున ఆ పైసలు కిరాయిలో పట్టుకుంటే గొడవైంది. "నిన్నెవరు చేయించమన్నారు?" అని ఆయన, "పెట్టింది నీ ఇంటికే కదా" అని వీడు. జుమాకి ఒకే సఫ్‌లో నిలబడేవాళ్లకి ఇప్పుడు సలాం కూడా లేదు.

నా రాయ్ ముందే చెప్తా. స్లాబు మరమ్మతు మాలిక్ జిమ్మా. మావాడి తప్పు కూడా ఒకటుంది, కాగితం మీద ఒక్క ముక్క పెట్టలేదు.

కిరాయి అంటే షరియత్‌లో ఇజారా. మాలిక్ తీసుకునే ఉజ్రత్ ఇంటిని వాడుకోనిచ్చినందుకు. బకెట్లు పెట్టుకుని పడుకునే గదికి పూర్తి ఉజ్రత్ అడగడం ఏం ఇన్సాఫ్? ఉస్మానీ సల్తనత్ 1869-76 మధ్య హనఫీ ఫిఖహ్‌ని కానూన్‌గా రాయించిన 'మజల్లా'లో 529, 530 దఫాలు దీని గురించే. ఇల్లు బాగుచేయించడం మాలిక్ పని. చేయకపోతే కిరాయాదారు ఖాళీ చేసి పోవచ్చు, ఇంటిని ఆ హాలత్‌లోనే చూసి తీసుకుని ఉంటే తప్ప. ఇజాజత్ తీసుకుని ఇంటికి మరమ్మతు చేయిస్తే ఖర్చు మాలిక్ మీద పడుతుంది. అడక్కుండా చేయిస్తే అది తబర్రు, ఊరికే ఇచ్చినట్టే.

మన దేశ కానూన్ ఇంకో అడుగు ముందుకేసింది. 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, మాలిక్ చేయాల్సిన మరమ్మతుని నోటీసు ఇచ్చాక కూడా తగిన గడువులో చేయకపోతే, కిరాయాదారే చేయించి ఆ ఖర్చుని వడ్డీతో సహా కిరాయిలో కోసుకోవచ్చు. (వడ్డీ మాట మనం వదిలేద్దాం.) ఒప్పందంలో వేరేగా రాసుకుంటే మాత్రం ఆ రాతే చెల్లుతుంది. ఏది ఎవరిదన్న తగువుకి 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం ఒక జాబితా ఇచ్చింది. గోడలు, కప్పు, సున్నం, పైపులు, వైరింగు మాలిక్‌వి. కుళాయి వాషర్లు, స్విచ్చులు, తలుపు గడియలు, కాలువ శుభ్రం కిరాయాదారువి. ఇది నమూనా మాత్రమే, అయినా ఇల్లు తీసుకునే రోజు ఇద్దరూ ముందు పెట్టుకుని మాట్లాడుకోవడానికి బాగా పనికొస్తుంది.

ఇన్ని హక్‌లు ఉన్నా మనవాళ్లు నోరు మెదపరు. "సాయిబులకి ఇవ్వం" అన్న మాట ఒక్కసారి విన్న కుటుంబం మళ్లీ ఇల్లు వెతుక్కోవడానికి జంకుతుంది. రెంటచింతల ఎండల్లో రేకుల కింద ఉడికిపోతూ కూడా సర్దుకుంటుంది. ఖాళీ చేసి పోవచ్చని ఫిఖహ్ ఇచ్చిన హక్, వేరే ఇల్లు దొరికేవాడికే హక్. ఈ మజ్బూరీ మన మహల్లాలోని మన మాలిక్‌కి బాగా తెలుసు. తెలిసీ "నచ్చకపోతే ఖాళీ చెయ్" అనడాన్ని నేను జుల్మ్ అనే అంటాను.

అయితే మాలిక్‌లంతా సేఠ్‌లు కారు. ఆ ఒక్క కిరాయి మీదే చూల్హా వెలిగించే బేవా ఆడవాళ్లున్నారు, వాళ్లని ఒకేసారి తొమ్మిది వేలు తెమ్మంటే ఎక్కడ తెస్తారు? అక్కడ కిరాయాదారు ముందు ఖర్చు పెట్టి నాలుగైదు నెలల కిరాయిలో కొంచెం కొంచెం పట్టుకోవాలి. అదీ రాసుకునే. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, బఖరా 282, అప్పు లావాదేవీలు రాసుకోవడం గురించే కదా! పెద్ద దస్తావేజు అక్కర్లేదు. కారే చోట ఫోటో, తారీఖు, మేస్త్రీ చెప్పిన అందాజా, "పది రోజుల్లో మీరు చేయించండి, లేదా నన్ను చేయించమనండి" అని వాట్సాప్‌లో నాలుగు ముక్కలు పెడితే చాలు. ఆయన "సరే" అంటే అదే ఇజాజత్.

మా దోస్త్ సంగతి మహల్లా బుజుర్గ్‌లు కూర్చుని తేల్చారు. నెలకి మూడు వేల చొప్పున మూడు నెలలు తగ్గించుకోమన్నారు. మొన్న జుమాకి ఇద్దరూ సలాం చెప్పుకున్నారు. కాగితం మాత్రం ఇంకా రాసుకోలేదట.