వీధిని చదవనిదే ప్రజారోగ్య పరిశోధన లేదు

పుదుచ్చేరి పట్టణంలో మేట్టుపాళయం అంటే పారిశ్రామికవాడ, లారీల రద్దీ. అలాంటి చోట వాన వెలిశాక మూలన పడి ఉన్న పాత టైరులోకి తొంగిచూస్తే ఏడిస్ దోమ సంసారమంతా కనిపిస్తుంది. గుడ్డు పగిలి లార్వాగా మారి, రెక్కలొచ్చి ఎగిరిపోవడానికి వారం పది రోజులు చాలు. నీళ్లు ఎండిపోయినా గుడ్లు నెలల తరబడి బతుకుతాయి. టైరు లారీ ఎక్కితే అవి కూడా ఊరు దాటుతాయి. డెంగీపై పరిశోధన చేయాలనుకునే విద్యార్థి మొదట చదవాల్సింది ఇదే. కానీ ఆ విద్యార్థికి సాధారణంగా అందే సలహా వేరు: మంచి ల్యాబ్ చూసుకో, త్వరగా పేపర్లు వేయి, వీలైతే విదేశాలకు వెళ్లు.

ఈ సలహా తప్పు కాదు గానీ, సగమే. ప్రజారోగ్యంలో ప్రయోగం ల్యాబ్‌లో మొదలైనా తేలేది జనం మధ్యే. అక్కడ నమ్మకం లేకపోతే ఎంత గట్టి శాస్త్రమైనా ఆగిపోతుంది. మన దేశం ఆ అనుభవాన్ని ఒకసారి చవిచూసింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి 1969లో ఢిల్లీలో దోమల జన్యు నియంత్రణ కార్యక్రమాన్ని చేపట్టాయి. సంతానం కలగని మగ దోమలను వదిలితే దోమల సంఖ్య తగ్గుతుందా అన్నది వారి ప్రశ్న. హర్యానాలోని సోనీపత్‌లో దోమలను వదిలేందుకు సిద్ధమవుతుండగా పత్రికల్లో, పార్లమెంటులో అనుమానాలు రేగాయి. దీని వెనుక విదేశీ జీవాయుధ ప్రయోగం ఉందన్న ఆరోపణ వచ్చింది. 1975లో కార్యక్రమం ఆగిపోయింది. దాన్ని ఆపింది ప్రయోగ ఫలితాలు కావు, అపనమ్మకం.

అదే 1975లో పుదుచ్చేరిలో ఐసీఎంఆర్ వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ (వీసీఆర్‌సీ) పుట్టింది. పి.కె. రాజగోపాలన్ దాని తొలి డైరెక్టర్. ఆ సంస్థ 1981 నుంచి 1985 వరకు పుదుచ్చేరి పట్టణంలో బోదకాలు వ్యాధిని వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమపై పనిచేసింది. క్యూలెక్స్ మురుగు నీటిలో పెరుగుతుంది కాబట్టి ఆ పని కాలువల వెంట, సెప్టిక్ ట్యాంకుల దగ్గర సాగాల్సిందే. రక్త నమూనా తీయడమూ తేలిక కాదు. ఈ వ్యాధి సూక్ష్మక్రిములు రక్తంలో ఎక్కువగా కనిపించేది రాత్రి పది దాటాకే. నిద్రపోయే వేళ తలుపు తట్టి వేలి నుంచి రక్తపు చుక్క అడగాలంటే ఆ వీధివాళ్లు మనల్ని ముందే ఎరిగి ఉండాలి.

తర్వాత కేరళలోని చేర్తలలో ఇదే సంస్థ మరో మార్గం పట్టింది. అక్కడ బోదకాలును మోసే మాన్సోనియా దోమ లార్వాలు చెరువుల్లోని అంతరతామర మొక్కల వేళ్లకు అంటిపెట్టుకుని పెరుగుతాయి. మొక్కలు పీకేయండి అని చెప్పి ఊరుకోకుండా, శుభ్రం చేసిన చెరువుల్లో చేపలు పెంచుకోవచ్చని చూపించారు. వ్యాధి నియంత్రణ అక్కడివాళ్లకు రాబడి కూడా అయింది. ఇలాంటి ఆలోచన చెరువు గట్టున మనుషులతో మాట్లాడితే వస్తుంది.

బోదకాలు కథలో తెలుగువారికి దగ్గరి పేరు ఒకటుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో ఆయన లెడర్లీ కంపెనీ పరిశోధన విభాగానికి మారారు. అక్కడ ఆయన బృందం నుంచి 1947లో వెలువడిన డైఇథైల్ కార్బమజైన్ (డీఈసీ) మాత్రనే నేటికీ బోదకాలు నివారణకు ఇస్తున్నారు. పదవుల మెట్లను మాత్రమే లెక్కపెట్టే కెరీర్ సలహాకు ఈ జీవితం ఇమడదు.

అయితే మాత్ర ఉంటే సరిపోదు, మింగాలి. 2004 నుంచి దేశంలో ఏటా సామూహికంగా ఈ మందు పంచుతున్నారు. నిర్మూలన గడువు మాత్రం జరుగుతూ జరుగుతూ 2027కు చేరింది. ఏ జబ్బూ లేదనుకునే మనిషి మందు ఎందుకు మింగాలి? లక్షణాలు లేనివారి రక్తంలోనూ క్రిములు ఉండవచ్చని, అవి చనిపోయేటప్పుడు కాస్త జ్వరం, తలనొప్పి రావచ్చని ముందే చెప్పకపోతే ఒక ఇంట్లో వచ్చిన జ్వరం వీధి మొత్తాన్ని వెనక్కి లాగుతుంది. చేతికి అందిన మాత్రకూ కడుపులోకి వెళ్లిన మాత్రకూ మధ్య దూరం ఎందుకుందో తెలుసుకోవడం కూడా పరిశోధనే.

అందుకే ఈ రంగంలోకి వచ్చే విద్యార్థికి ఇవ్వాల్సిన సలహా మారాలి. మొదటి నెలల్లో ఆశా కార్యకర్తతో కలిసి ఇల్లిల్లూ తిరగాలి. ఆ వీధి భాష నేర్చుకోవాలి. పుదుచ్చేరిలో అది తమిళం, అదే కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన యానాంలో తెలుగు. గైడును ఎంచుకునే ముందు ఆయన పేపర్లు ఎన్నని అడగడంతో పాటు, రక్తం ఇచ్చినవారికి ఫలితం తిరిగి చెప్పారా అని కూడా అడగాలి. ప్రజారోగ్య కీటకశాస్త్రంలో వీసీఆర్‌సీ ఎమ్మెస్సీ కోర్సు నడుపుతోంది. డాక్టర్లు కానివారికీ ఇక్కడ చోటుంది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఫెలోషిప్ ఐదేళ్లు, ఉద్యోగం పేపర్లను బట్టి. వీధిలో గడిపిన ఏడాది బయోడేటాలో ఖాళీగానే కనిపిస్తుంది. ఈ భారం విద్యార్థి నెత్తిన వేసి త్యాగం చేయమనడం న్యాయం కాదు. 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో యూజీసీ థీసిస్ సమర్పణకు ముందు పేపరు వేయాలన్న షరతు తీసేసింది. ఆ వెసులుబాటును విశ్వవిద్యాలయాలు వాడుకోవాలి. ఫలితాలను ప్రజలకు వారి భాషలో తిరిగి చెప్పడాన్ని థీసిస్‌లో భాగం చేయాలి. నియామకాల్లో, పదోన్నతుల్లో దానికీ మార్కులు వేయాలి.

వీసీఆర్‌సీ 2022లో వోల్బాకియా బాక్టీరియా ఉన్న ఏడిస్ దోమలను పుదుచ్చేరిలో సిద్ధం చేసింది. ఈ పద్ధతితో ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో డెంగీ కేసులు 77 శాతం తగ్గాయి. అక్కడ ముందుగా ప్రజల సమ్మతి కోసం శ్రమించారు. ఇక్కడ ఏదో ఒకనాడు దోమల డబ్బాతో ఒక పరిశోధకుడు మేట్టుపాళయం లాంటి వీధిలోకి రావాల్సి ఉంటుంది. ఆరోజు అతను అక్కడివాళ్లకు కొత్తవాడైతే సోనీపత్ కథ మళ్లీ మొదటికొస్తుంది.