సంఘం పెట్టడం ఒకరోజు పని, నిలబెట్టడం?

ఆమదాలవలస చుట్టుపక్కల పల్లెల్లో సంఘం మాట ఎత్తగానే వ్యవసాయ కూలీలు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే: “సంఘం పెడితే మాకేటొస్తాది? బుగత పనికి పిలవడం మానేస్తే పిల్లలకి బువ్వెవరు పెడతారు?” దీన్ని పిరికితనమని కొట్టిపారేసేవాడు సంఘం పెట్టలేడు. ఆ భయం వెనుక అనుభవం వున్నది. ముందుగా పేరిచ్చినవాడికి ఉభాల్లో పిలుపు రాదు. పాత అప్పు మర్నాడే గుర్తుకొస్తుంది. ఇంట్లో ఇల్లాలు, “ఊరందరి బరువూ నీకే కావాలా?” అంటుంది. పగలంతా పనిచేసి రాత్రి మీటింగుకు పోయేవాడికి ఆ మాట గుచ్చుకోదా?

అందుచేత మొదటి సూత్రం: ఎవర్నీ ఒంటరిగా ముందుకు తోయరాదు. సభ్యత్వ పుస్తకం తెరిస్తే వాడంతా ఒకేరోజు పేర్లు రాయించాలి. ఒక్కణ్ణి పని మాన్పించడం తేలిక, వాడంతటినీ మాన్పిస్తే చేను ఎవరు ఊడుస్తారు?

మన జిల్లా చరిత్రే దీనికి సాక్ష్యం. పార్వతీపురం ఏజెన్సీలో గిరిజన సంఘాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం బడిపంతుళ్లు. వాళ్లు చేపట్టినవి కంబారి జీతం, వెట్టిచాకిరీ, అప్పుకింద పోయిన పొలం, అడవి సరుకుకు ధర వంటి కళ్లెదుటి సమస్యలు. సంఘం బలపడ్డాకనే భూస్వాములకు కంటగింపైంది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు మహాసభకు పోతున్న గిరిజనులపై లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ తరువాతి దారుల గురించి వాదాలు ఎన్నైనా వుండవచ్చు. కాని గిరిజనులు కదలకుండానే 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో బిగించేవారా?

1948లోనే కనీస వేతనాల చట్టం వచ్చింది. ఆడామగా కూలి సమానమని 1976లో మరో చట్టం వచ్చింది. అడిగే సంఘం లేనిచోట అవి కాగితం మీదే వుండిపోయాయి.

ఇక పని విషయం. చందా ఎంత చిన్నదైనా రసీదు ఇవ్వాలి. జమాఖర్చులు ప్రతినెలా సభలో చదవాలి. చదువు రాకపోతే పదో తరగతి పిల్ల చేత చదివించండి, తప్పులేదు. లెక్క చెప్పని సంఘాన్ని పడగొట్టడానికి బుగత అక్కర్లేదు, ఒక్క పుకారు చాలు. ఆడకూలీలు వంట దగ్గరున్న వేళ మీటింగు పెట్టకండి. నాట్లూ కలుపూ వాళ్ల చేతుల మీదే నడుస్తుంటే నిర్ణయాలు మగాళ్లే చేస్తారా? ఒక వాడవాళ్లే సంఘమైతే రెండో వాడ దూరంగానే వుంటుంది. శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో రైలెక్కి విశాఖకో, హైదరాబాదుకో వలసపోయినవాళ్లు సంక్రాంతికి తిరిగొస్తారు. పెద్ద సభ అప్పుడే జరపాలి.

మొదటి మీటింగుకు ముప్పైమంది వస్తారు, మూడోదానికి ఐదుగురే మిగులుతారు. కార్యకర్త గుండె జారేది అక్కడే. రానివాళ్లను తిట్టకండి. వాళ్ల గుమ్మానికి వెళ్లండి, ఎందుకు రాలేదో వినండి. గెలవగల చిన్న కోర్కె ఒకటి పట్టుకొని గెలవండి. చేతికొచ్చిన పెరిగిన కూలి చెప్పినంత గట్టిగా మన ఉపన్యాసం చెప్పలేదు.

ఆ మిగిలిన ఐదుగురే సంఘానికి పునాది. వాళ్లను కాపాడుకోండి!