కార్తెలును విత్తనపు కాయలును

ఒకయేడు మృగశిర కార్తెకు కడపసీమలోని పల్లెకు బోయి బంధువుల యింట మూడు వారములుంటిమి. ఆ యింట గోడకు గడియారము కలదు. కుమారుని చేతిలో ఫోను కలదు. అయినను వేరుసెనగ విత్తనపు కాయ లెప్పు డొలువవలయునో నిర్ణయించునది మాత్రము అత్తగారే. కార్తె ప్రవేశించిన నాలవనాడు కోడలు బస్తా విప్పబోగా, "కార్తి వచ్చెలే అమ్మీ, వాన రాలే. మూతి కట్టు" అని యామె వారించినది.

ఇది చాదస్తము కాదు. ఒలిచిన గింజ నిలువయుండిన పురుగు పట్టును, మొలకెత్తు శక్తి సన్నగిల్లును. ఒలువకుండినచో వాన కురిసిన మరునాడు గొర్రు వెంట విత్తన ముండదు. పదును మన కొఱకు నిలువదు గదా! ఈ రెంటి నడుమ గింజను గాచు భారము స్త్రీలదే.

సూర్యు డొక్కొక్క నక్షత్రమున నుండు కాలమే కార్తె. ఇవి 27, ఒక్కొక్కటి 13 లేక 14 దినములు. సూర్యుని లెక్క గనుక ఏటేట రోహిణి మే 25 ప్రాంతమున, మృగశిర జూను 8 ప్రాంతమున, ఆరుద్ర జూను 22 ప్రాంతమున వచ్చును. తిథు లట్లు గావు. పండ్రెండు చాంద్రమాసములకు సుమారు 354 దినములే. ఏటికి పదునొకండు దినముల కొఱత పడగా, మూడేండ్లు నిండకమునుపే అధికమాసము చేర్చి సరిదిద్దుదురు. అందుచే ఏరువాక పున్నమ 2023లో జూను 4న, 2024లో జూను 22న వచ్చినది. పీర్ల పండుగ లెక్కలో అధికమాసమే లేదు. అది ఋతువులన్నిటను దిరిగి వచ్చును. ఉగాదినాడు దేవుని కడప వేంకటేశ్వరుని గుడికి ముసల్మాను సోదరీమణులును వత్తురు. ఒక్క యూర నిన్ని లెక్కలు!

మఱియొక చిత్రము. మృగశిర కార్తెలో మృగశిర నక్షత్రము కనబడదు. సూర్యు డచ్చటనే యుండుటచే పగటి వెలుగున మఱుగుపడును. కావున కార్తెను పంచాంగమున జూడవలసినదే. పూర్వము దీనికై పురోహితుని రాక కెదురుచూచిరి. ఆ కోడలు తానే చదువుకొనుచున్నది.

అయితే కార్తె వచ్చిన వాన వచ్చి తీరునను మాటను మే మొప్పము. పడమటి కనుమల చాటున నున్న యీ సీమలో వానబలము ఆగష్టు మొదలు అక్టోబరు వరకే హెచ్చు. కర్నూలు నల్లరేగళ్లలో జొన్నను హింగారిలో విత్తుట యందుకే. వాన తప్పిన యేండ్లను ఈ సీమవారు అంకెలతో గాక పేర్లతో దలచుకొందురు. 1876లో మొదలైన మహాక్షామము నేటికిని "ధాత కరువే".

ఆరుద్ర ప్రవేశించిన మూడవనాటి రాత్రి పదును వాన కురిసినది. అత్తగారు లేచి పెరటిలో జేయి పెట్టి మట్టి పిసికి చూచి, తామే బస్తా విప్పిరి. పొరుగిండ్ల వారును వచ్చిరి. తెల్లవారుదాక అందఱతో గూడ మేమును ఒలిచితిమి. మా బొటనవ్రేళ్లు రెండు దినములు నొచ్చినవి.