వేలిముద్ర వేసే నాన్నకూ పని ఉంది

"మా అమ్మానాన్నలకు చదువు రాదు, కాలేజీ సీటు సంగతి వాళ్లకేం తెలుసు?" అని మన హాస్టల్లో చాలామంది అనుకుంటాం. అది సరికాదని మా అభిప్రాయం.

తెలంగాణలో 2016 నుండి డిగ్రీ ప్రవేశాలు దోస్త్ ద్వారా ఆన్‌లైన్లో జరుగుతున్నాయి. ఇంటర్ మార్కులు, రిజర్వేషన్, మనం పెట్టిన ఆప్షన్ల వరుస, వీటిని బట్టే సీటు వస్తుంది. కాబట్టి ఆ వరుస మనం నిర్ణయించుకోవాలి, నెట్ సెంటర్ అతను కాదు.

ఇందులో అమ్మానాన్నల పని చిన్నదేమీ కాదు. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు మీసేవలో ముందే దరఖాస్తు పెట్టించాలి. ఆదాయ పత్రం లేకుంటే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఇబ్బంది. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు పనిచేసేలా చూసుకోవాలి. "సీటు మేం ఇప్పిస్తాం" అంటూ ఊళ్లోకి వచ్చేవాళ్లకు ఓటీపీ చెప్పకూడదు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకూడదు. ఇస్తే మన చదువు వాళ్ల చేతిలోకి పోతుంది. ఈ జాగ్రత్తకు అక్షరాలు రానక్కర్లేదు.

అయితే వాళ్లకు చెప్పవలసింది మనమే. ఏ కోర్సు, ఎందుకు, ఏ ఊరు, అక్కడ హాస్టల్ ఉందా అన్నవి ఇంట్లో కూర్చుని వివరించాలి. ఆడపిల్లను దూరం పంపనన్న నాన్న, ఆ ఊళ్లో హాస్టల్ ఉందని తెలిస్తే ఒప్పుకోవచ్చు.

ఇక్కడ చదువుకొని వెళ్లిన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. ఇంటర్ ఫలితాలు రాగానే మీ ఊరి పిల్లల ఇళ్లకు వెళ్లండి. పిల్లలతోనే కాదు, అమ్మానాన్నలతోనూ మాట్లాడండి.